గోనెల కింద అత్త కర్రలు

మావయ్య ఇక లేడని చోడవరం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను విశాఖలో డ్యూటీకి బయల్దేరుతున్నాను. పెరట్లో కర్రలమీద నీళ్లు చల్లుతూ కూలబడిపోయాడట. రెండు నెలలు కావస్తోంది. నాకింకా మింగుడుపడడం లేదు.

పందిరి కర్రలకు మందు పట్టించడం ఆయన పని. దేవరాపల్లి, రోలుగుంట వైపు బీర, దొండ వేసే రైతులు సరుగుడు కర్రలు ఆయన దగ్గరే కొనేవారు. బెరడు తీసిన కర్రలను తొట్టిలో, మైలుతుత్తం కలిపిన మందులో నానబెట్టేవాడు. అసలు పని బయటికి తీశాకే మొదలయ్యేది. నీడలో ఒత్తుగా పేర్చి, తడిగోనెలు కప్పి, వాన పడకుండా పైన టార్పాలిన్ కట్టి వారాల తరబడి మగ్గబెట్టేవాడు. వెంటనే ఎండలో పడేస్తే మందు చెక్కలో నిలవదు. తొలి వానకే రంగునీళ్లై కారిపోతుంది, మట్టి దగ్గర చెదలు పట్టేస్తాయి. ఎవరైనా తొందరపెడితే ఆయనది ఒకటే మాట: “మందు తాగడం ఏరు, ఒంటబట్టడం ఏరు బాబూ.”

పొద్దున్నే టీ తాగకముందే వెళ్లి గోనెలమీద చెయ్యివేసి తడి చూసుకునేవాడు. అత్తకు ఒళ్లు మండేది. తనకు జ్వరమొస్తే ఎప్పుడైనా అలా చెయ్యేసి చూశాడా అని నాతో అనేది.

అత్త అడిగింది ఒక్కటే, పెరట్లో ఆనపపాదుకు పందిరి. పెళ్లయిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉంది. మగ్గిన కర్రలు మగ్గినట్టే ఎవరో ఒక రైతు పట్టుకుపోయేవాడు. ఎదటివాడు మొహం వేలాడేస్తే మావయ్య కాదనలేడు. ఊరందరికీ పందిళ్లు, మా అత్త ఆనపకాయలు మాత్రం మట్టిలో దొర్లేవి. ఇలాంటి మనిషిని ఏమనాలి? నేనూ దెప్పాను. నవ్వేసి ఊరుకున్నాడు.

చివరిసారి వెళ్లినప్పుడు తనే నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. “ఈ గోనెల కిందవి మీ అత్తవి. దేవుడు దిగొచ్చినా ఇవ్వన్రా,” అన్నాడు. అత్త వినీ విననట్టు వంటింట్లోకి పోయింది. పోతూ నవ్వుకోవడం నేను చూశాను.

ఆయన పోయిన రోజు, వచ్చినవాళ్లకు నీడ కోసం వాకిట్లో పందిరి వెయ్యాలన్నారు. ఇంట్లో ఇన్ని కర్రలుండగా వెదుళ్లెందుకని బంధువులు వెళ్లి ఆ గోనెలే లాగబోయారు. మావయ్య పక్కన కూర్చున్న అత్త లేచి వచ్చింది.

“ముట్టుకోకండి. అవింకా మగ్గనేదు,” అంది.

జారిన గోనె సరిచేసి, ఆయన వదిలేసిన బకెట్టు అందుకుని మిగతా వాటిమీద నీళ్లు పోసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను అక్కడే ఏడ్చేశాను.

నిన్న మళ్లీ వెళ్లాను. కర్రలు మగ్గాయి, నీడలో ఆరాయి కూడా. పందిరి నేను వేస్తానన్నాను.

“మీ మావేస్తానన్నాడు గదా. ఉండనీరా,” అంది అత్త.

మావయ్య ఇంకొన్నాళ్లు బతికుంటే ఆయన సొమ్మేం పోయేది? బతిమాలి లాభం లేదని బయల్దేరుతూ పెరట్లోకి తొంగి చూశాను. ఆనపతీగ నేలమీద పాకుతూ వెళ్లి, పడుకోబెట్టి ఉన్న ఆ కర్రలకే చుట్టుకుంది. దొంతర మీద తెల్లగా ఒక పువ్వు పూసింది.