మొక్కుపోతు కార్డు

2024 మార్చి 3, ఆదివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఆ వేళకు నేనొక తప్పు మాట చెప్పాను. అందుకే నిమిషాలతో సహా డైరీలో రాసుకున్నాను.

మా ఊరు రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్ళే దారిలో, కాలవ గట్టు పక్కన. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు సహాయకురాలిగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. అయినా ఊళ్ళో అందరూ డాక్టరమ్మగారనే పిలుస్తారు. సరిదిద్ది సరిదిద్ది విసుగొచ్చి మానేశాను. రిటైరైన రెండో ఏట నుంచి ఆదివారాలు పొద్దున్నే మా పశువులపాకలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. మేకలూ గొర్రెలూ ఉన్న ఇళ్ళ పిల్లలు, ఆ ఏడాది ఏడుగురు. ఎవరి చాప వాళ్ళే తెచ్చుకోవాలి. ఏడు గంటల తరవాత వస్తే పాక బయట నిలబడి వినాలి.

నేను చెప్పేది ఎక్కువేమీ కాదు. కోతకు పంపే జీవాన్ని ముందురోజు తరమకూడదు, కర్రతో కొట్టకూడదు; బెదిరిన జీవం మాంసం నల్లబడి బిరుసెక్కుతుంది. నీళ్ళు అందుబాటులో ఉంచాలి. సూది మెడలో వేయించాలి కాని తొడలో కాదు. వేయించిన ప్రతి మందూ కార్డు మీద రాయాలి. తేదీ, మందు పేరు, ఎంత, ఎక్కడ వేశారు, ఎవరు వేశారు. చివరి గడిలో, మందు ఒంట్లోంచి పోవడానికి సీసా మీద అచ్చువేసిన గడువు కూడి, ఏ రోజు దాటాక దాన్ని కొయ్యొచ్చో ఆ తేదీ. ఆ గడి నిండకుండా జీవం గుమ్మం దాటకూడదు. పాత క్యాలెండరు అట్టలు కత్తిరించి కార్డులు నేనే ఇస్తాను.

ఆ ఆదివారం ఒక పిల్ల రెండో కార్డు అడిగింది. తొమ్మిదో తరగతి. వాళ్ళింట్లో ఉన్నది ఒక్క పాలమేకే కదా అన్నాను.

"మా మొక్కుపోతుకండి."

మిగతా పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. "అమ్మవారి పోతుకి కార్డు దేనికే? అదేమన్నా మీ మందలోదా?" అన్నాను.

అదీ ఆ తప్పు మాట. మొక్కుకున్న పోతును ఎవరూ తమదనుకోరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే చెవికి గాటు పెట్టి వీధిలో వదిలేస్తారు. ఒక ఇంట్లో గంజి, ఇంకో ఇంట్లో అరటితొక్కలు, మండపేట మిల్లు నుంచి తవుడు బస్తా దిగిన ఇంట్లో తవుడు. ఊరంతా మేపుతుంది, ఎవరూ చూసుకోరు. తీరా జాతరనాడు ఊరంతా దాన్నే తింటుంది. కార్డు అన్నిటికంటే ముందు ఉండాల్సింది దానికే. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఉండి నాకు తట్టనిది ఆ పిల్లకు తట్టింది. నేను కార్డు ఇవ్వలేదు. ఆ పిల్ల తన నోటుపుస్తకం అట్ట చింపి రాసుకుందని తరవాత తెలిసింది.

ఆ పోతును మొక్కింది ఆ పిల్ల కోసమే. అంతకు ముందు ఏడాది టైఫాయిడ్ వచ్చి కాకినాడ ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. మొదట ఇచ్చిన మందు పనిచెయ్యలేదు, అయిదో రోజున మార్చారు. ఆ అయిదో రోజునే వాళ్ళ నానమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అమ్మవారికి పోతును మొక్కింది.

జాతర ఏప్రిల్ 14, ఆదివారం. వారం ముందు, ఏడో తారీకున, అందరినీ కార్డులు తెమ్మన్నాను. ఆ పిల్ల రెండు తెచ్చింది. నోటుపుస్తకం అట్ట నా చేతికి ఇస్తూ, "తిట్టకండి" అంది.

మార్చి 23, శనివారం. దగ్గు, జ్వరం. బాబాయి సూది వేయించాడు. గడువు ఇరవై ఎనిమిది రోజులు. చివరి గడిలో ఏప్రిల్ 20 అని ఉంది. టేపుతో కొలిచి బరువు కూడా కట్టింది. ఛాతీ ముప్పై అంగుళాలు, పొడవు ఇరవై ఆరు. ముప్పైని ముప్పైతో, ఆ వచ్చినదాన్ని ఇరవై ఆరుతో గుణించి మూడు వందలతో భాగిస్తే డెబ్బై ఎనిమిది పౌండ్లు. ముప్పై అయిదు కేజీల పైమాటే. లెక్క సరిగ్గా ఉంది.

"ఆరు రోజులు తక్కువయిందండి డాక్టరమ్మగారూ. ఏం చెయ్యమంటారు?"

పాఠం ఆపేసి పోతును చూడ్డానికి వెళ్ళాను. నల్లపోతు, ఒక చెవికి గాటు. రామాలయం అరుగు మీద దర్జాగా పడుకుని ఎవరో పెట్టిన పనసతొక్క నములుతోంది. కుడి తొడ తడిమితే గడ్డ తగిలింది. మెడలో వేయించలేదన్నమాట. ఎందుకో ఎడమ తొడ కూడా తడిమాను. అక్కడా ఒకటి.

వాళ్ళ బాబాయిని పిలిపించాను.

"ఎన్ని సూదులు వేయించావు?"

"ఒకటేనండి."

"మరి గడ్డలు రెండేంటి?"

తల గోక్కున్నాడు. "మంగళవారం ఇంకోటి వేయించానండి. నేనే అడిగి వేయించాను. ఒకటికి రెండైతే గట్టిగా ఉంటుందని."

"తొడలోనా?"

"పట్టుకోడానికి వాటంగా ఉంటుంది కదండి."

అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. ముప్పై ఏళ్ళు నేను పొడిచిందీ తొడలోనే. పట్టుకోడానికి వాటం. ఇన్ని రోజులు కొయ్యకండి అని ఎవరికైనా చెప్పానా అని రిటైరయ్యాక పాత డైరీలన్నీ తిరగేశాను. రెండు చోట్ల ఉంది, రెండూ పాలగేదెల గురించి. మేకపోతుల గురించి ఒక్కసారీ లేదు. ఈ ఆదివారాల పాఠం మొదలైంది ఆ డైరీల వల్లే.

రెండో సూది మార్చి 26. గడువు చివరి సూది నుంచే లెక్కపెట్టాలి. ఇరవై ఎనిమిది కూడితే ఏప్రిల్ 23. ఆరు కాదు, తొమ్మిది రోజులు తక్కువ. ఆ పిల్ల అక్కడే అరుగు మీద కూర్చుని కార్డు మీద 20 కొట్టేసి 23 వేసింది.

ఆ పిల్లతో వాళ్ళింటికి వెళ్ళేసరికి నానమ్మ వీధరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. మా రాకకు ముందే కబురు చేరినట్టుంది.

"ఏంటండీ డాక్టరమ్మగారూ, అమ్మవారి పోతుకి టైంటేబుల్ వేస్తున్నారంట?"

విషయం చెప్పాను. పద్నాలుగో తారీకున దాన్ని తినకూడదన్నాను.

"ఇన్నేళ్ళూ తిన్నాం. ఎవడు పోయాడండి?"

"ఎవరూ పోరు వదినగారూ. పోయుంటే అప్పుడే జాగ్రత్తపడేవాళ్ళం. మాంసంతో పాటు మందు మన ఒంట్లో కొంచెం కొంచెంగా చేరుతుంది. రేపు నిజంగా జబ్బు చేస్తే ఆ మందు పనిచెయ్యదు."

"మా పిల్లకి ఆసుపత్రిలో మందు మార్చింది మాంసం తినబట్టే అంటారా?"

"అనను. నాకు తెలియనిది అనను."

"తెలీనప్పుడు ఊరుకోండి మరి! డెబ్బైమందిని పిలిచాను. వాళ్ళకేం పెట్టమంటారు, మీ కార్డు ఉడకేసి పెట్టనా?"

లోపల కోడలు నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

"కొబ్బరికాయ కుళ్ళిపోయి వస్తే ఇంకోటి కొడతావు కదా నానమ్మా. అమ్మవారికి అదే పెట్టేస్తావా?"

"కాయకీ పోతుకీ పోలికేంటే? కాయలు ఇరవై ఉంటాయి. మొక్కింది దీన్ని. నీ ప్రాణానికి బదులు మొక్కాను. ఆ రోజు దాటిపోయి నీకేమైనా అయితే ఈవిడ వచ్చి కార్డు చూపిస్తుందా?"

ఆవిడ భయపడుతున్నది జాతర ఏమవుతుందోనని కాదు, పిల్ల ఏమవుతుందోనని. మళ్ళీ జ్వరం వస్తే ఏ లెక్కా ఆవిడను ఓదార్చలేదు. అలాగని ఆ రోజు తినొచ్చని చెప్పలేను. ముప్పై ఏళ్ళు చెప్పకుండా ఊరుకున్నదాన్ని. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

బుధవారం, పదో తారీకు, ఆ పిల్లనూ వెంటబెట్టుకుని గుడి పూజారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కార్డు తీసుకుని అద్దాలు పైకి జరిపి రెండుసార్లు చదివాడు.

"మొక్కు ఎగ్గొట్టకూడదు. వాయిదా అడగొచ్చు," అన్నాడు. "పసుపుగుడ్డలో ముడుపు కట్టి, ఎందుకు ఆగుతున్నామో అమ్మవారితో పైకి చెప్పుకోవాలి. జాతర మొదలైన దగ్గర్నుంచి పదహారో రోజు లోపల తీర్చెయ్యాలి."

పదహారో రోజంటే ఏప్రిల్ 29. గడువు నిండేది 23. మధ్యలో ఒక ఆదివారం ఉంది, 28. ఆ పిల్ల అప్పటికే వేళ్ళ మీద లెక్కపెట్టేసింది.

నానమ్మ ఒప్పుకుంది. పూజారి మాట మీద ఒప్పుకుంది, నా మాట మీద కాదు. రెండు షరతులు పెట్టింది. ఇకమీదట పిల్ల నా పాకకు రాకూడదు. ఇరవై ఎనిమిదిన పోతు జడత ఇవ్వకపోతే పూచీ నాది. జడత అంటే, మొక్కు తీర్చే ముందు పోతు మీద పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తరు.

"ఆయ్, నాదే పూచీ," అన్నాను. ఆ రెండో షరతు అంత బరువనిపించలేదు. మొదటిది అనిపించింది.

పద్నాలుగున జాతర జరిగింది. నానమ్మ ముడుపు కట్టి గుడిలో వేలాడదీసి, "మందు పోనీ తల్లీ, తరవాత తెస్తాను" అని చెప్పుకుంది. చుట్టాలకు పప్పూ పులుసుతో భోజనం పెట్టింది. కొందరు విస్తరి ముందే మూతి ముడిచారు. ఒకాయన వినపడేలాగే అన్నాడు, పోతుకి ఎక్స్‌పైరీ డేటు కూడానా అని.

28న పొద్దున్న ఎనిమిదింటికి నేనూ వెళ్ళాను. జాతర అయిపోయింది కాబట్టి డప్పులు లేవు, తోపులాట లేదు. పోతును ఎవరూ తరమలేదు. ఆ పిల్ల ముందురోజంతా నీళ్ళు అందుబాటులో పెట్టి, పొద్దున్నే తాడు పట్టుకుని నడిపించుకొచ్చింది. పిల్ల వెనకాల పోతు మామూలుగా, దారిలో ఆకులు కొరుకుతూ వచ్చింది.

పూజారి పసుపునీళ్ళు చల్లాడు. ఎనిమిదీ పన్నెండు. పోతు కదల్లేదు. బెదిరిన పోతు వెంటనే విదిలిస్తుంది, ఇది బెదరలేదు. నీళ్ళు వీపు మీంచి కారుతుంటే ఆ పిల్ల చెయ్యి నాకుతూ నిలబడింది. మళ్ళీ చల్లాడు. నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండుననిపించింది. ఎనిమిదీ ఇరవై. బాబాయి, "చెవిలో ఊదనా?" అన్నాడు. పూజారి కళ్ళతోనే వద్దన్నాడు.

"నువ్వు పక్కకి జరగవే," అంది నానమ్మ చివరికి. "నువ్వుండబట్టే అది ధీమాగా ఉంది."

ఆ పిల్ల తాడు బాబాయికిచ్చి పది అడుగులు వెనక్కి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడింది. పోతు తల తిప్పి ఆమె కోసం చూసింది. మూడోసారి నీళ్ళు పడ్డాయి. మెడ దగ్గర మొదలై తోకదాకా ఒళ్ళంతా విదిలించింది. ఎనిమిదీ ఇరవై మూడు.

నానమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. పిల్ల వెనక్కి తిరగలేదు. గుడి వెనక దారి గుండా ఇంటికి వెళ్ళిపోయింది.

కోసిన మనిషి తొడలు విప్పి నాకు చూపించాడు. రెండు వైపులా నిమ్మకాయంత గడ్డ, లోపల పసుపుపచ్చని చీము. చుట్టూ బెత్తెడు మేర కోసి పారేశాడు. మిగతా మాంసం ఎర్రగా, మెత్తగా ఉంది. జాతర రోజున డప్పుల మధ్య కోసిన పోతుల మాంసం ఇలా ఉండదని అతనే అన్నాడు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో వాళ్ళ బాబాయి సైకిలు మీద వచ్చి గుమ్మం బయటే ఆగాడు. "ఎదురింటివాళ్ళ మొక్కుపోతుకి జ్వరంగా ఉందండి. సూది మెడలోనా తొడలోనా, ఎన్నాళ్ళు ఆగాలి, అమ్మ అడిగి రమ్మంది."

చెప్పాను. ఒక ఖాళీ కార్డు కూడా ఇచ్చాను. ఇప్పుడు పాకలో ఎవరైనా మొక్కుపోతుకు కార్డు అడిగితే దేనికని అడక్కుండానే ఇస్తున్నాను. ఆ పిల్ల మాత్రం తిరిగి రాలేదు. నానమ్మ తన షరతు సడలించలేదు, నేనూ అడగలేదు.

ఆ ఏప్రిల్ లెక్క డైరీలో ఇలా ఉంది.

పోయినవి:
పోతు, ఒకటి.
గడ్డలతో పాటు పారేసిన తొడ మాంసం, కేజీన్నర.
మొక్కు ఆగిన రోజులు, పద్నాలుగు.
పిలిచిన డెబ్బైమందిలో ఇరవై ఎనిమిదిన రానివారు, ఇరవై తొమ్మిది.
పాకలో చాప, ఒకటి.