మోకాలి ఎక్స్‌రేలో అ ఆలు

మా వీధిలో నలభై మంది పిల్లలకు పలక ముట్టుకోకుండా, బలపం అరగకుండా, పది రోజుల్లో అక్షరాలన్నీ నేర్పినవాణ్ణి నేను. నమ్మకపోతే మా మెట్ల కింద టీ కొట్లో అడగండి. అక్కడ ఈ సంగతి చెప్పింది నేనే కాబట్టి వాళ్లు కాదనరు.

కిందటి వేసవి మాట. మా అమ్మాయి అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తుంది. పొద్దున్న ఐదున్నరకు కంపెనీ బస్సు మలుపు దగ్గరకొచ్చి హారన్ కొడుతుంది, ఒక్కసారే. అల్లుడిది ఓడల మీద పని, ఏడాదిలో సగం నీళ్లలోనే. అమ్మాయి బస్సెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం మెట్లెక్కి వచ్చేదాకా ఐదున్నరేళ్ల మనవరాలు మాది. మాది అంటే నాదీ, మా ఆవిడదీ. మా ఇద్దరికీ కలిపి పనికొచ్చే కళ్లు రెండు, పనికొచ్చే మోకాళ్లు రెండు. కళ్లు ఆవిడవి, మోకాళ్లు నావి. నాకు చేతిలోది కనిపిస్తుంది గానీ బారెడు దూరం దాటితే అంతా మంచే. పిల్ల పరిగెడితే ఎటు పోయిందో ఆవిడ చూసి చెబుతుంది, నేను అటు పోతాను.

మాది కొండవాలు ఇల్లు. వీధి నుంచి నలభై ఒక్క మెట్లు. పిల్లను అంగన్‌వాడీకి దించడానికి ఇద్దరం దిగాలి, మధ్యాహ్నం తీసుకురావడానికి ఇద్దరం దిగాలి. ఎక్కేటప్పుడు పదేసి మెట్లకు ఒకసారి ఆవిడ గోడ పట్టుకుని నిలబడేది. పిల్ల పైనుంచి "అమ్మమ్మా, బేగి రా!" అని అరిచేది. ఆవిడకు ఊపిరి మెట్లకే సరిపోయేది.

కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, మార్చాల్సిందేనన్నాడు డాక్టరు. మొదటిసారి తేదీ పెట్టుకుంటే అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, పిల్లను చూసుకోవాలని ఆగింది. రెండోసారి పిల్లకు ఆటలమ్మ పోసింది. మూడోసారి ఆవిడే తేల్చి చెప్పింది.

"జూన్‌లో గుంట బడికెల్తే నాను ఆస్పత్రికెల్తాను. గుంట ఇంటికాడుంటే నానూ ఇంటికాడే. నీ ఒక్కడి మీద వదిలీసి ఎల్తే, వచ్చినాక ఇద్దర్నీ ఎతుక్కోవాల."

అదీ పరిస్థితి. పిల్ల బడిలో పడితే మోకాలు, పడకపోతే మళ్లీ ఏడాది. కొండ మీది బడిలో ఒకటో తరగతికి చేర్చుకునే ముందు పెద్ద టీచరమ్మ పిల్లల్ని కూర్చోబెట్టి నాలుగక్షరాలు రాయించి చూస్తారని విన్నాం. మా పిల్ల పెన్సిల్ పట్టుకోదు. బలవంతంగా చేతిలో పెడితే తీసుకెళ్లి పిల్లి చెవిలో పెడుతుంది.

ఇక్కడ నా పనితనం చెప్పుకోవాలి. పోర్టులో ముప్పై ఏళ్లు పెట్టెల మీద, బస్తాల మీద గుర్తులు వేశాను. రేకులో అక్షరం ఆకారం కోసి, ఆ రేకును పెట్టెకు ఆనించి, కుచ్చు బ్రష్షుతో నల్ల రంగు అద్దడం. దాన్నే స్టెన్సిల్ అంటారు. నేను అద్దిన అక్షరం దిగని రేవు ప్రపంచంలో లేదు. (రేకు నా చేతికి వచ్చింది పదేళ్ల తర్వాత. అంతకుముందు రంగు డబ్బా మోశాను.)

రేకు పిల్లల వేళ్లు కోస్తుంది. అట్ట తడిస్తే మెత్తబడిపోతుంది. ట్రంకు పెట్టెలో వెతికితే పాత ఎక్స్‌రేలు దొరికాయి. నా ఛాతీ, ఆవిడ మోకాళ్లు, చిన్నప్పుడు జారిపడ్డ అమ్మాయి మోచెయ్యి. పల్చగా, గట్టిగా, తడిగుడ్డతో తుడిస్తే రంగు పోయేలా ఉన్నాయి. బ్లేడు తీసుకుని కూర్చున్నాను.

పిల్లకు పెన్సిలంటే పగ గానీ రంగులంటే ప్రాణం. ఒక గిన్నెలో పసుపు నీళ్లు, ఒక గిన్నెలో బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు, అద్దడానికి ఎండు బీరకాయ పీచు. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, మీద ఎక్స్‌రే ఆనించి, పీచుతో తపతపా అద్ది ఎత్తితే అక్షరం. మొదటిసారి ఎత్తగానే పిల్ల నోరు తెరిచింది. తర్వాత ఎక్స్‌రేను కిటికీకి పెట్టి చూసి ఇంకా పెద్దగా తెరిచింది.

"తాతా! అమ్మమ్మ కాల్లో అ ఉంది!"

అప్పట్నుంచి అ అంటే అమ్మమ్మ మోకాలు, ఆ అంటే తాత పక్కటెముకలు. వీధి పిల్లలూ వచ్చి చేరారు. కాగితాలు అయిపోతే గోడలకెక్కారు. పసుపు చేపలు గీసి, ఒక్కో చేప పొట్టలో ఒక్కో అక్షరం అద్దడం ఆట. కింది వాటాలో ఉన్న, చేపల వేటకెళ్లే ఆయన, నాకు బావ వరస (ఆ వరస కలిపింది టీ కొట్టే), ఒకరోజు మెట్లెక్కి వచ్చి గోడ చూశాడు.

"బావా, సేప బాగానే ఉన్నాది గానీ, కడుపులో అచ్చరం ఉంటే మా ఆడోలు కోసీటప్పుడు సదవాలేటి?"

ఇప్పుడు నలభై మంది సంగతి. నలుగురు. అందులో ఒకతె నా మనవరాలు. ఒకడు పసుపు నీళ్లు తాగడానికి వచ్చేవాడు. ఒక పిల్ల మా పిల్లి కోసం వచ్చేది. నాలుగోవాడు బావ మనవడు, వాడికి అంగన్‌వాడీలోనే అన్నీ వచ్చేశాయి. అక్షరాలన్నీ అన్నాను. అ నుంచి ఋ దాకా కోశాను. 'ఈ' దగ్గర రెండు బ్లేడ్లు విరిగాయి, ఋ తర్వాత బొటనవేలు వాచింది. పాత ఎక్స్‌రేలు అన్నాను. వాటిలో ఒకటి మరీ పాతది కాదు. ఆవిడ కుడి మోకాలిది, అప్పటికి పది రోజుల కిందటే తీయించింది, ఆపరేషన్ ముందు డాక్టరు చూడాల్సింది. కవరు మీద తేదీ ఉంది. దగ్గరిది నాకు బాగానే కనిపిస్తుంది. నల్లగా నిగనిగలాడుతుంటే కోయబుద్ధేసింది.

ఆవిడ చూసి అరవలేదు. అరిచే ఓపిక లేదు.

"నా మోకాలికి బొక్కెట్టీసినావేటయ్యా? ఇంక డాక్టరికేటి పని?"

స్టెన్సిల్ కోసేవాడికి ఒక జాగ్రత్త ఉండాలి. గుండ్రటి అక్షరాన్ని చుట్టూ కోసేస్తే మధ్య ముక్క ఊడి రాలిపోతుంది. రాలకుండా అక్కడక్కడా సన్నటి పట్టీ వదలాలి. అద్దినప్పుడు ఆ పట్టీ ఉన్నచోట రంగు పడదు, అక్షరంలో చిన్న ఖాళీ మిగులుతుంది. పెట్టె మీద ఆ ఖాళీని ఎవరూ పట్టించుకోరు. మన అక్షరాలు చూస్తే అన్నీ పొట్టలే. ఒక్కోదానికి రెండేసి పట్టీలు వదిలాను. మంచి పనివాడు చేసే పనే చేశాను. పిల్ల చూస్తోందని మరిచిపోయాను.

బడి తెరిచే ముందు, ఎక్స్‌రే అక్షరాలు సంచీలో వేసుకుని ముగ్గురం వెళ్లాం. కాలు లాగుతోంది, రావద్దన్నా ఆవిడ వినలేదు. పెద్ద టీచరమ్మ కాగితం, పెన్సిల్ ఇచ్చి, "నీకు వచ్చినవి రాయమ్మా" అన్నారు. పిల్ల పెన్సిల్ పట్టుకుంది! నాలుక బయటపెట్టి అ, ఆ, ఇ వరసగా దించేసింది. నేను మీసం సర్దుకున్నాను. టీచరమ్మ కాగితం తిప్పి చూసుకుని కళ్లద్దాలు సవరించుకున్నారు. ప్రతి అక్షరమూ పగిలిన గాజులా ముక్కలు ముక్కలుగా ఉంది.

"ఇలా విరగ్గొట్టేశావేంటమ్మా? కలుపు."

"కలపకూడదు టీచర్. కలిపితే మధ్యది రాలిపోద్ది."

"ఏది రాలిపోద్ది?"

"బొడ్డు."

టీచరమ్మ మా వైపు తిరిగారు. "పిల్ల చురుగ్గానే ఉందండి. చెయ్యే ఇంకా కుదురుకోలేదు. ఈ ఏడాది ఇంట్లో దిద్దించి వచ్చే ఏడాది తీసుకురండి."

వచ్చే ఏడాది. ఆవిడ బెంచీ మీద కుడి కాలు చాపుకుని కూర్చునుంది.  మోకాలి మీద చీర మడత సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, తప్పు పిల్లది కాదు, నాది" అన్నాను. సంచీలోంచి ఎక్స్‌రే అ తీసి టీచరమ్మ చేతిలో పెట్టి, పట్టీలు ఎందుకు వదిలానో చెప్పాను. టీచరమ్మ దాన్ని వెలుగుకు పెట్టి చూశారు. అక్షరం చూశారు, వెనకాల ఎముక చూశారు, మా ఆవిడ కాలు చూశారు. నవ్వాపుకుని, "సరే, వచ్చే శనివారం తీసుకురండి. కలిపి రాస్తే చేర్చుకుంటాను" అన్నారు.

నేర్పిందాన్ని మరిపించడం ఎంత కష్టమో ఆ వారం తెలిసింది. "కలుపు" అంటే "రాలిపోద్ది" అంటుంది. కలిపి నేను రాసి చూపిస్తే, "నీది రాలిపోయింది, నీకు కనపడదు" అంటుంది. రంధ్రం కాకుండా అక్షరాన్నే కోసి చేతికిస్తే నమ్ముతుందనిపించి అరిగిపోయిన హవాయి చెప్పు అందుకున్నాను. మా ఆవిడ మంచం మీంచే కేకేసింది.

"సరస్వతమ్మని సెప్పుతో సేత్తావా? కళ్లు పోతాయి! ఉన్నవే అంతంతమాత్రం."

బావ పాత వల బెండ్లు ఇచ్చాడు, వల మునిగిపోకుండా అంచున కట్టేవి. "మా వలకి తేల్లేనివి నీ సదువుకి తేల్తాయేమో సూడు" అన్నాడు. బెండు వెన్నలా తెగింది. అ మొత్తం ఒక్క ముక్కగా వచ్చింది. పిల్ల దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నేలకేసి కొట్టింది.

"రాలదా?"

"రాలదు."

బకెట్ నీళ్లలో అక్షరాలు వదిలి టీ జల్లెడతో పట్టడం, పట్టినదాని మీద మొదట్నుంచి చివరిదాకా వేలు ఎత్తకుండా నడపడం. రెండు రోజులు వేలు పట్టీ ఉండే చోటికి రాగానే దానంతటదే ఆగిపోయేది. నేను మళ్లీ మొదటికి తెచ్చేవాణ్ణి. మధ్యాహ్నం ఎండలో మేమిద్దరం కూర్చున్నచోటే కునికేవాళ్లం. పిల్ల మా మోకాళ్ల మీద తడి అక్షరాలు పేర్చి లేపేది. గురువారానికి బెండు వదిలి పెన్సిల్‌కు వచ్చింది.

శనివారం అ రాసింది, కలిసింది. ఆ కలిసింది. ఇ దగ్గర ఒకచోట చీమ దూరేంత ఖాళీ మిగిలింది. టీచరమ్మ చూశారు, రిజిస్టర్ తీశారు. మెట్లు దిగేటప్పుడు ఆవిడ నా భుజం పట్టుకుంది. 

జూలైలో ఆపరేషన్ అయింది. దానికి ముందు మోకాలికి మళ్లీ ఎక్స్‌రే తీయించాల్సి వచ్చింది. వాకర్ రోజులు పోయాయి, కర్ర రోజులు వచ్చాయి. ఇప్పటికీ పొద్దున్న మంచం మీద పడుకుని కాలు పదిసార్లు ఎత్తి దించాలి. పిల్ల బడికెళ్లాక, ఆవిడ అలా ఎత్తి దించుతుంటే పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. ఏడు దగ్గర ఆపింది.

"ఆగు. బడికాడ లెగిసింది ఎవులు?"

"నేనే."

"నువ్వు లెగనేదు. వచ్చే ఏడాది అని ఆవిడనగానే బయటికెల్లిపోయి సెప్పులు ఎతుక్కుంటన్నావు. గోడట్టుకుని లెగిసింది నాను. సంచీలోంచి ఆ ముక్క తీసి, ఈ మోకాలు నాది, ఈ బొక్క మా ఆయనది, గుంటది ఏటీ తప్పునేదు అని సెప్పింది నాను. నువ్వు సెప్పులేసుకుని వచ్చీసరికి ఆవిడ శనివారం రమ్మనీసింది. అది కొట్టీసి మళ్లీ రాయి." కాలు ఎత్తింది. "ఎనిమిది."