నాకు లేని రాళ్ళకు ప్రార్థన

నిన్న నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇరుగుపొరుగోళ్ళంత వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి, ఫికర్ లేదు! నా ముంగట మీరు నవ్వక ఎన్నాళ్ళైందో. ఇంట్లకు వస్తరు, తల ఒక పక్కకు వంచుతరు, "ఎట్లున్నవ్ శాంతా" అని బాయిలకెల్లి మాట్లాడినట్టు అడుగుతరు. ఇయ్యాల మాత్రం నవ్వాలె. చాయ్ పోసుకోండ్రి. నాకొద్దు, నాకు పడుతలేదు. ఒక గ్లాసు మాత్రం ఈడ నా ముంగట పెట్టు విజయ వదినా, వాసనన్న పీల్చుకుంట.

సంగతేందంటే, నిన్న దవాఖానకు పోయి వేరేటామె రోగానికి నేను ప్రార్థన చేయించుకొని వచ్చిన. అవును! ఉన్న రోగం ఉన్నట్టే ఉన్నది. లేని రోగానికి నెత్తి మీద ప్రార్థన నూనె పోయించుకున్న.

మొదటికెల్లి చెప్త. మా చర్చి సంఘం ఆడోళ్ళం గురువారం గురువారం విజిటింగ్ పోతమని మీకెరుకే. ఎవలు మంచాన పడ్డా సరే, సంచిల బ్రెడ్డు ప్యాకెట్, అరటిపండ్లు ఏసుకొని పోవుడు. ఒక పాట, ఒక ప్రార్థన, "ధైర్యంగుండు" అనుడు, వచ్చుడు. ఈ మట్టెవాడల నేను కుట్టని జాకెట్టు లేదు, నేను ప్రార్థన చెయ్యని మంచం లేదు. నేను "ప్రభువా" అని అందుకుంటే పక్క రూముల పేషెంట్లు లేచి కూసునేటోళ్ళు. ప్రార్థన నడుమ ఎవలి ఫోనన్న మోగిందా, ఆమెన్ అయినంక వాళ్ళ సంగతి నేను చెప్పేదాన్ని. ఎవలన్న కండ్లు తెరిచి దిక్కులు చూసినా ఊకునేదాన్ని గాదు. కండ్లు మూసుకున్న నాకు అదెట్ల తెలుస్తదని అడగకుండ్రి.

అట్లాంటి నాకు కడుపుల గడ్డ. హైదరాబాదుల డాక్టరు మా ఆయనను పక్కకు పిలిచి, "ఇంక మందులు పని చెయ్యవు. ఇంటికి తీసుకపోండి. ఏం తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నడు. ఆ మాటకు అర్థమేందో మీకెరుక, నాకెరుక. ఏం తినాలనిపిస్తే అదట! ఏదీ తినబుద్ధి గాని టైముల పర్మిషన్ ఇచ్చిండు, మహానుభావుడు. ఇప్పుడు నా జాకెట్లు నేనే లోపటికి కుట్టుకుంటాన్న. ఒదులైనప్పుడల్ల ఒక కుట్టు. లోపల మడిచిన బట్టనే ఎక్కువైంది, పైకి కనపడేది తక్కువైంది.

అది గూడ ఓర్చుకున్న. ఓర్చుకోలేనిది ఏందంటే, మా గుంపు నన్ను తీసుకపోవుడు బంద్ చేసింది. చేసి, నా ఇంటికే విజిటింగ్ రావట్టింది! నేను మోసిన సంచే. నేను కుట్టిన సంచి! అండ్లకెల్లి బ్రెడ్డు ప్యాకెట్ తీసి నా ఒడిల పెడుతరు. వరుసగ కూసుంటరు. ఇంక ప్రార్థన చూడాలె. ఇండ్ల ఒక కిటుకుంటది, మీకు తెల్వది, చెప్త. మనిషి బాగైతడు అనుకుంటే "ముట్టు ప్రభువా, బాగు చెయ్యి ప్రభువా" అని గట్టిగ అడుగుతం. డాక్టర్లు చేతులెత్తేసిండ్రనుకో, గొంతు తగ్గించి "నీ చిత్తం ప్రభువా, నిమ్మళమియ్యి, నీ బిడ్డను సిద్ధపరచు" అంటం. ఎవలూ రాసిపెట్టలే, కానీ అందరం గట్లనే చేస్తం. మా ఇంట్ల మొదటిసారి "సిద్ధపరచు" అన్న మాట వినపడ్డనాడు నాకు సమజైంది. నా గుంపు నన్ను మూట గడుతాంది.

మా గుంపు పెద్ద సరోజనక్క ఎరుకే గదా, బడిల పెద్ద టీచర్ చేసి రిటైరైంది. ఆమె మీదికి లేచిన. "అక్కా, నేను ఈ గుంపుల మనిషినా, పేషెంట్‌నా? ఏదో ఒకటి చెప్పు!" అన్న. ఆమె కండ్లద్దాలు తీసి తుడిచింది, మల్ల పెట్టుకున్నది. "సరే శాంతా. ఈ గురువారం రా. నిలబడగలిగితే ప్రతి వారం తీసుకపోత. కూలబడితే మాత్రం ఇంకెప్పుడూ అడగొద్దు" అన్నది.

గంతే, నాకు పెండ్లికి పోతున్నట్టే! నిన్న పొద్దుగాల్నే తయారైన. మా ఆయన ప్రకాశం ఎనుకకెల్లి చీరెకు పిన్నులు పెట్టుకుంట, "వద్దే, నీ వశం గాదు" అని సణుగుతాండు. "నోరు మూసుకొని పిన్ను పెట్టు" అన్న. పాపం, పెట్టిండు.

హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖాన. సరోజనక్క, మా గుంపు మేరీ, నేను. చూడవోయింది స్టేషన్ ఘన్‌పూర్ కమలమ్మను. మాకు ఆమె ముఖం తెల్వది, మా సంఘంల ఒకామెకు చుట్టం. పిత్తాశయంల రాళ్ళు, సాయంత్రం ఆపరేషన్. రెండో అంతస్తుల రూము. లిఫ్టు కాడికి పోతే ఆడ కూసున్నాయన చెయ్యి అడ్డం పెట్టిండు.

"లిఫ్టు పేషెంట్లకే అమ్మా. విజిటర్లు మెట్ల మీదికెల్లి పోవాలె."

ఎంత మంచి మాట! ఎన్నాళ్ళైంది నన్ను ఒకలు విజిటర్ అని! ఆయనకు దండం పెట్టాలనిపించింది. సరోజనక్క "బాబూ, ఈమెకు జర..." అని నోరు తెరిచిందో లేదో, చెయ్యి గిచ్చిన. "అక్కా! మెట్లున్నయ్ గదా!" అని ముంగట నడిచిన.

మొదటి అంతస్తు దాక నా పౌరుషం ఎక్కింది. ఆడికెల్లి నేను ఎక్కవలసి వచ్చింది. రైలింగు పట్టుకొని, గోడకు ఆనుకొని, గోడ మీది బొమ్మ చూస్తున్నట్టు నటించి, "ఎంత నీటుగున్నది దవాఖాన" అనుకుంట... దమ్ము అందుతలేదు. మేరీ నడుం పట్టుకున్నది. "ఇడువు, నేను మంచిగనే ఉన్న" అంటాన్న గని మాట బయటికి వస్తలేదు.

రూముకు పోతే మంచం ఖాళీ. కమలమ్మను స్కానింగుకు తీసుకపోయిండ్రట, కోడలు గూడ ఎంబడి పోయింది. సరోజనక్క నా మొకం దిక్కు చూసింది. "నువ్వు ఈడ కూసో. మేం పోయి ఎంతసేపు పడుతదో అడిగొస్తం" అని మేరీని తీసుకొని పోయింది. ఉన్న ఒక్క కుర్చీ మీద వాళ్ళ బ్యాగు, టిఫిను డబ్బా. కింద కూసుంటే లేవలేను. జరంత సేపే గదా అని మంచం అంచుకు కూసున్న. ఎనుక దిండు కనపడ్డది. పైన ఫ్యాను. ఒక్క నిముషం అనుకొని ఒరిగిన... కాళ్ళు గూడ వాటంతట అవే పైకి వచ్చినయ్, నేనేం చేస్త?

కండ్లు తెరిచేసరికి మంచం చుట్టు మందే మంది! ఒక పడుచు పాస్టరయ్య, ఆయన ఎనుక ఆడోళ్ళు, ఒకాయన చేతుల కంజీర.

"వందనాలమ్మా! లేవకు, లేవకు!"

విషయమేందంటే, కమలమ్మ కొడుకు దోస్తు ఒకడు వేరే సంఘానికి పోతడట. వాడు "మా దోస్తు వాళ్ళమ్మకు ఆపరేషన్" అని చెప్తే వీళ్ళు బయలెల్లి వచ్చిండ్రు. కమలమ్మను ఒక్కలు గూడ చూడలే. ఇవన్నీ తర్వాత తెలిసినయ్. అప్పుడైతే నేను "అయ్యగారూ, నేను..." అన్న.

"మాట్లాడకు తల్లీ. ఆపరేషన్ ముంగట ఆయాసపడొద్దు."

"గది గాదు..."

ఒకామె నా చెయ్యి పట్టుకున్నది. "ఏమన్న తింటాన్నవా అమ్మా?"

"లేదు."

"మంచిదే, ఆపరేషన్ ముంగట తినొద్దు. నొప్పున్నదా?"

"ఉన్నది."

"నిద్ర పడుతాందా?"

"లేదు బిడ్డా."

చూడుండ్రి, ఒక్క అబద్ధం చెప్పలే! అన్నీ నిజాలే. ఎనుక నుంచి ఒకామె గుసగుసలాడింది: "రాళ్ళకే ఇంత బక్కగైతరా?" ఇంకొకామె "పెద్ద రాళ్ళు కావచ్చు" అన్నది.

ఇంక నోరు తెరిచి చెప్పేద్దామనుకునేసరికి పాస్టరయ్య "ప్రార్థన చేసుకుందాం" అన్నడు. అందరి కండ్లు మూతబడ్డయ్. అయిపాయె! ప్రార్థన నడుమ నోరు తెరిచిన మనిషిని నా జన్మల నేను క్షమించలే. ఇప్పుడు నేనెట్ల తెరుస్త? తేలు కుట్టిన దొంగ లెక్క పండుకున్న. నెత్తి మీద నూనె పడ్డది, చెవుల దాక కారింది. ఒక్క కన్ను జరంత తెరిచిన. నా చెయ్యి పట్టుకున్నామె జాకెట్టు చంక కాడ అన్నీ ముడుతలే. ఎవలు కుట్టిండ్రో గని, పైసలు దండుగ.

పాస్టరయ్య అరచెయ్యి నా నెత్తి మీద గట్టిగ ఒత్తి మొదలుపెట్టిండు.

"తండ్రీ! ఈ రాళ్ళను కరిగించు! ఈ తల్లిని లేపు! వారంలో తన కాళ్ళ మీద తను ఇంటికి నడవాలయ్యా! తన పొయ్యి తను వెలిగించుకోవాలి! మనవళ్ళ పెండ్లిళ్ళు చూడాలి! వచ్చే క్రిస్మస్‌కు కొత్త చీర కట్టుకొని ముందు వరుసలో కూర్చోవాలి ప్రభువా!"

నవ్వుతాండ్రా? నవ్వుండ్రి. నాకు మాత్రం ఆ "వచ్చే క్రిస్మస్" కాడ ఏమో అయింది. నా ఇంట్ల వచ్చే పండుగ మాట ఎవలూ ఎత్తుతలేరు. మీరు గూడ ఎత్తుతలేరు. దసరా జాకెట్లు నాకు చెప్పకుండ వేరే కాడ ఇచ్చిండ్రు, నాకు తెల్వదనుకున్నరా? ఎన్నో నెలలకు ఒక మనిషి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నేను బతకాలె అని కొట్లాడుతాండు! దేవునితోనే కొట్లాడుతాండు! చిత్తం లేదు, సిద్ధం లేదు, అన్నీ "కావాలి", "కావాలి", "కావాలి". ఆ ప్రార్థన కమలమ్మదని తెలుసు. రాళ్ళదని తెలుసు. తెలిసి తెలిసి పండుకున్న. ఏడ్పొచ్చింది. "ఆమెన్!" అని ఎట్ల ఒర్రిన అంటే, నా పాత గొంతు వచ్చింది. రూము అదిరింది.

ఆమెన్ అయినంకనన్న చెప్పాలెగా? చెప్పలే. వాళ్ళు స్తోత్రం, స్తోత్రం అంటాంటే, ఇంకొక్క నిముషం రాళ్ళామె లెక్కనే ఉండాలనిపించింది.

అప్పుడు తలుపు తెరుచుకున్నది. చక్రాల కుర్చీల ఎర్రగ, బొద్దుగ ఒకామె.

"ఎవలే అది, నా మంచం మీద?"

ఇంక ఆ తర్వాత తమాషా చెప్పతరం గాదు. పాస్టరయ్య ఆమెను చూస్తడు, నన్ను చూస్తడు. "కమలమ్మ... ఎవరు?" "నేనే!" అన్నది కుర్చీలామె. "మరి ఈమె?" అందరూ నా దిక్కే. చెవుల నుంచి నూనె కారుతాంది, పిన్నులూడి చీరె ఒక దిక్కు, నేను ఒక దిక్కు. లేవబోయిన, లేవలేకపోయిన. పండుకునే చెప్పిన: "నేను... విజిటింగ్ వచ్చిన."

కంజీర ఆయన ఆగలేక నవ్విండు. ఆడోళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నరు. నేను గూడ నవ్విన, ఏం చెయ్యాలె మరి! గప్పుడే సరోజనక్క, మేరీ వచ్చి గుమ్మంల నిలబడ్డరు. సరోజనక్క నవ్వలే.

ఆ పడుచు పాస్టరయ్య మాత్రం మంచి పిలగాడు. "ఏం పర్వాలేదమ్మా, మీకు కూడా చేస్తాను. మీకేం బాధ?" అన్నడు. నేను చెప్పకముందే సరోజనక్క ఆయన పక్కకు పోయి చెవుల చెప్పింది. ఆయన మొకం నా కండ్ల ముంగటనే మారింది. తల ఒక పక్కకు వంగింది.

మల్ల నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఇందాక గట్టిగ ఒత్తిన చెయ్యే, ఇప్పుడు నిద్రపోతున్న పసిపిల్లను ముట్టినట్టు. గొంతు దిగిపోయింది.

"తండ్రీ... నీ చిత్తం... నీ కుమార్తెకు నిమ్మళం దయచేయి... సిద్ధపరచు..."

ఇది నా ప్రార్థన. నా సొంతం. మొదటిదే మంచిగుండె. దీనికి ఆమెన్ అనలేకపోయిన.

మేరీ, సరోజనక్క చెరొక రెక్క పట్టుకొని లేపిండ్రు. కమలమ్మ పాపం, "ఇంకింత సేపు పండుకో అక్కా" అన్నది. వద్దన్న. లిఫ్టు కాడ అదే మనిషి. నన్ను కింది నుంచి పైదాక ఒక్కసారి చూసిండు. ఈసారి అడ్డం రాలే, ఏం అడగలే, జల్ది లేచి తలుపు పట్టుకున్నడు. కొంగు సర్దుకొని ఎక్కిన.

ఆటోల సరోజనక్క నా చెయ్యి ఇడువలే. ఇల్లు దగ్గరికొచ్చినంక, "వచ్చే గురువారం మేమే వస్తం శాంతా" అన్నది. మాట మాటే గదా, నేను కూలబడితిని. సరే అన్న. ఇంట్లకు వచ్చి, కుట్టు మిషన్ మీద తల పెట్టి, కడుపు నిండ ఏడ్చిన. నాకిప్పుడు కడుపు నిండేది గదొక్కటే.

ఇయ్యాల పొద్దుగాల మేరీ ఫోన్ చేసింది. కమలమ్మకు ఆపరేషన్ మంచిగైందట! రాళ్ళన్నీ సీసాల ఏసి చేతికిచ్చిండ్రట. ఇడ్లీ తింటాందట. చూసిండ్రా! నెత్తి నాది, నూనె నాది, ఆమెన్ నాది. గుణం ఆమెకు!

ఆ చాయ్ గ్లాసు తీసెయ్యి వదినా, సల్లారింది, ఇంక వాసన గూడ వస్తలేదు. మీకొక మాట చెప్పి పెడుత, యాదికుంచుకోండ్రి. రేపు నేను పోయినంక ఈ వాకిట్ల మంది నిలబడుతరు. "పాపం, ఏం రోగమట?" అని మిమ్ములనే అడుగుతరు. మీకేం తోస్తే అది చెప్పుండ్రి, నేనేం వచ్చి వింటనా. కానీ రాళ్ళని మాత్రం చెప్పకుండ్రి. వాటికి గట్టి ప్రార్థనే అయింది.