బయ్యన్న గోడ మీద గోధుమ చేను

ఉరవకొండ చుట్టుపక్కల గోడకు దేవుడి పటమో, పోయినవాళ్ల పటమో కాక మూడోరకం పటం తగిలించిన మొదటి మొనగాడు బయ్యన్న. కరువు చూడటానికి ఢిల్లీ నుంచి వచ్చే అధికారులకు తన ఇంట్లోనే టీ అని తెలిసినరోజు అతని ఛాతీ పొంగిన పొంగుకు చొక్కా గుండీలు ఎగిరి పక్కింటి రేకుల మీద వడగళ్లలా పడ్డాయి. ఆ ఏడు ఊళ్లో పడ్డ వాన అంతే. టీ సవ్యంగా జరిగితే మండల పార్టీ అధ్యక్ష పదవి ఇప్పిస్తానని నాయకుడు నాగేశ్వర రెడ్డి మాటిచ్చాడు మరి.

గొప్పోళ్ల ఇళ్లలో పెయింటింగు ఉంటుందని ఎవరో అంటే బయ్యన్న బెంగళూరు బస్సెక్కాడు.

"ఇది పోస్ట్ ఇంప్రెషనిస్ట్ పెయింటింగుకు ప్రింటు సార్. ఒరిజినల్ విదేశాల్లో ఉంది" అంది కొట్టులో అమ్మాయి. ఆ ఒరిజినల్ తన మేనమామ ఇంట్లోనే ఉన్నట్టు తలూపి, బంగారురంగు ఫ్రేములో ఉన్నదాన్ని ఎత్తుకొచ్చాడు. పసుపుపచ్చగా విరగపండిన గోధుమ చేను, పైన కాకుల గుంపు.

"ఇంట్లోకి ఒక్క కాకి దూరితేనే శాంతి చేయిస్తాం. నువ్వు మందనే తోలుకొస్తివి కదా!" అంది భార్య చెన్నమ్మ.

"ఇవి ఫారిన్ కాకులు లేవే. వీటికి దోషముండదు" అని నాలుగు మూలలా స్క్రూలు బిగించేశాడు.

ఏర్పాట్లు చూడటానికి ముందుగా వచ్చిన నాగేశ్వర రెడ్డి గోడను చూసి గుడ్లు తేలేశాడు. "ఏమప్పా, బుద్ధుండాదా నీకు? కరువు చూసేకి వచ్చేవాళ్లకు పండిన చేను చూపిస్తావా? పీకెయ్! లేదంటే పదవి మాట మర్చిపో!"

బయ్యన్న ఎంత తిప్పినా స్క్రూ ఒక్కటైనా కదల్లేదు. ఈలోగా కార్లు వచ్చి ఆగాయి.

తెలుగు వచ్చిన పెద్ద అధికారి టీ కప్పు పట్టుకుని నేరుగా పటం దగ్గరికే వెళ్లాడు. "ఇది ఎక్కడ?"

బయ్యన్న నోరు ఆగలేదు. "మా పొలమే సార్. మా తాత ఆ కాలంలో గీయించినాడు. వానలు పడేటప్పుడు ఇట్లుండె."

"ఇక్కడ గోధుమలా?"

"పండుతాండె సార్. ఇప్పుడు చెనిక్కాయ కూడా దిక్కులేదు."

"మరి ఇన్ని కాకులు?"

"తినేకి లేక అవి కూడా వలస పోయినాయి సార్."

అధికారి కళ్లు చెమ్మగిల్లాయి. ఫోనుతో పటాన్ని ఒక ఫోటో, కిటికీలోంచి ఎండిన చేనును ఇంకో ఫోటో తీసి, "అప్పుడు, ఇప్పుడు అని రెండూ రిపోర్టులో పెడతాను" అన్నాడు.

కార్లు కనుమరుగయ్యాక నాగేశ్వర రెడ్డి చెమట తుడుచుకున్నాడు.

"పదవి నీదేలేప్పా. కానీ నేనుండే మీటింగులో మాత్రం నువ్వు మైకు ముట్టుకోవద్దు."