మెలకువ మామయ్య నిద్ర పరీక్ష

మెలకువ మామయ్య జన్మలో ఒక్కసారైనా నిద్రపోయానని ఒప్పుకున్న మనిషి కాదు. ఆయన గురకకి తన సెలూన్లో దువ్వెనలు గడగడలాడినా సరే, "నిద్రా? నేనా? కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నా!" అనేవాడు. ఆ పేరు పెట్టింది వీధివాళ్ళే.

ఒకసారి బడిపంతులుగారికి గడ్డం గీస్తూ నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుర్రుపెట్టాడు. తెలివొచ్చి చూసేసరికి పంతులుగారికి సగం మీసమే మిగిలింది.

"నిద్రపోయావా?" అని పంతులుగారు లబోదిబోమన్నారు.

"లేదండీ, మీ మొహానికి ఏది నప్పుతుందా అని చూస్తున్నా. ఆ మిగిలింది కూడా తీసేస్తే పదేళ్ళు తగ్గుతారు."

అత్తయ్యకి మాత్రం నవ్వొచ్చేది కాదు. రాత్రిళ్ళు ఆ గురక టక్కున ఆగేది, దాంతోపాటు ఊపిరీ ఆగేది. ఆవిడ దిగ్గున లేచి కూర్చునేది. డొక్కలో పొడిస్తే మళ్ళీ మొదలయ్యేది. ఎన్నాళ్ళని పొడుస్తుంది? చివరికి చెయ్యి పట్టుకుని ఆసుపత్రిలో నిద్ర పరీక్షకి లాక్కుపోయింది.

టెక్నీషియన్ తలకీ ఛాతీకీ వైర్లు అంటించి, "హాయిగా నిద్రపోండి సార్" అన్నాడు.

"అదొక్కటే నాకు చేతకాదు బాబూ" అంటూనే మామయ్య గురక అందుకున్నాడు.

పొద్దున డాక్టరమ్మ కాగితాలు ముందేసుకుంది. "గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోంది. ఇక రోజూ గాలి పంపే మాస్కు పెట్టుకునే పడుకోవాలి."

"నేను పడుకుంటేగా!"

"ఆరుగంటలు పడుకున్నారండీ."

"మీ మిషను కునుకు తీసుంటుంది."

"నవ్వులాట కాదు. ఇలాగే వదిలేస్తే గుండెకి ముప్పు."

అయినా మామయ్య మాస్కు వద్దంటే వద్దన్నాడు. ముక్కు పెద్దదన్నాడు, మీసం నలుగుతుందన్నాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకోవడం చూశాక మాత్రం మెత్తబడి గొణిగాడు.

"అది తగిలించుకుంటే నీకు ఊ కొట్టేదెవరే?"

అత్తయ్యది పోస్టాఫీసు కౌంటరులో ఉద్యోగం. పగలంతా జనం చేత మాటలు పడి, రాత్రి పక్కమీద వాలాక అవన్నీ చెప్పుకుంటే తప్ప ఆవిడ మనసు కుదుటపడదు. నిద్రపోయానంటే ఎక్కడ చెప్పడం మానేస్తుందోనని పాతికేళ్ళుగా మామయ్య అబద్ధమాడుతున్నాడు. అదే నోటికి అలవాటై సెలూన్లోనూ వదల్లేదు.

"మీరు నిద్రలో ఊ కొడుతున్నారని నాకు తెలీదనుకున్నారా?" అంది అత్తయ్య.

"తెలిసీ చెప్పేదానివా?"

"ఆఫీసులో మెలకువగా ఉన్నవాళ్ళు ఆ ఊ కూడా అనరు మరి!"

డాక్టరమ్మ కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ రాత్రి మామయ్య బుద్ధిగా మాస్కు తగిలించుకున్నాడు. అత్తయ్య చెబుతున్న స్టాంపుల గొడవ సగంలో ఉండగానే నిద్రపోయాడు. గురక లేదు. ఊపిరి మాత్రం తీరుగా వస్తూ పోతూ ఉంది. మిగతాది పొద్దున కాఫీ తాగుతూ చెప్పొచ్చులే, మనిషెక్కడికి పోతాడు అనుకుని, అత్తయ్య అటు తిరిగి హాయిగా పడుకుంది.