మెత్త కుట్టిన నిక్కరు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. సైకిల్ మీద ముందుకు వంగి దూసుకుపోయే మనిషి పక్కనుంచి చూసేవాళ్ళకి మహా అందంగా కనబడతాడని. ఆ రోజుల్లో అంటే తాతలనాటి మాటేం కాదు. ఫోనుల్లోకి మ్యాపులు వచ్చాక, నాకు పొట్ట రాకముందు. విశాఖపట్నంలో కొత్తగా ఉద్యోగం, సెలవు దొరికితే చోడవరం బస్సు. ఆఫీసులో నా పక్క కుర్చీ అతన్ని మేమంతా గేర్ల గురువు అనేవాళ్ళం. భోజనాల వేళ అతను ఫోనులో వీడియోలు చూపించేవాడు. ఏవో విదేశపు కొండలు, మధ్యన లోయ, లోయ నిండా ద్రాక్షతోటలు, తోటల నడుమ గులకరాళ్ళ బాట, ఆ బాట మీద లావుపాటి టైర్ల సైకిళ్ళు. దాన్ని గ్రావెల్ రైడింగ్ అంటారనీ, తారు రోడ్డు మీద తొక్కేవాడు అసలు మనిషే కాదనీ అతని సిద్ధాంతం. "మీ చోడవరం వేపు ఇలాటి రూట్లు ఉన్నాయేటి?" అని ఒకరోజు అడిగాడు. సొంత ఊరి మీద మాట పడితే ఊరుకుంటానా? "ద్రాక్ష లేకపోతే చెరుకు లేదేటి? కొండల్లేవా? రైవాడ డ్యామ్ లేదా? దేవరాపల్లి వేపు రా, మీ వీడియోవాడు సిగ్గుతో చచ్చిపోతాడు" అన్నాను. (చివరికి సిగ్గుతో చచ్చింది ఎవరో మీరే చూద్దురుగాని.)

నేనూ అలాంటి సైకిల్ ఒకటి కొన్నాను. దాన్ని చూసి మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ తాత జన్మంతా ఈ రాళ్ళ దారిలోనే సైకిల్ తొక్కి తొక్కి, తారు రోడ్డు పడిన్నాడు కొబ్బరికాయ కొట్టేడురా! నువ్వేటి, దాన్నొదిలీసి మళ్ళీ రాళ్ళలోకి పోతన్నావు?" ఇక ఆ సైకిల్‌కి సీటు ఒకటుంటుంది. సీటనడం మన మర్యాద. చాలా సన్నగా, చాలా గట్టిగా, మనిషి మీద ఏదో పాత పగ ఉన్నట్టుంటుంది. దీనికోసం వెనక మెత్త కుట్టిన నిక్కర్లు దొరుకుతాయి, కొనుక్కోమని గురువు ముందే చెప్పాడు. మనది చోడవరం ఒళ్ళు, మనకెందుకులే అనుకుని ఒక శనివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా మామూలు పేంటులోనే తొక్కేశాను. మర్నాడు నా పెళ్ళిచూపులు.

అమ్మాయిది దేవరాపల్లి అవతల, కొండ కింద ఊరు. చెరుకు పండించే కుటుంబం. తను దేవరాపల్లిలో టీచరు. చూడగానే నచ్చింది. కాని ఆ నచ్చినదాన్ని నిదానంగా చూసే భాగ్యం ఏదీ? వాళ్ళు నన్ను కూర్చోబెట్టింది టేకు కుర్చీలో. కూర్చోగానే ప్రాణం పోయినంత పనయింది. కాసేపు ఎడమకి ఒరిగాను, కాసేపు కుడికి ఒరిగాను, గోడ మీద క్యాలెండరు చూసే మిషతో లేచాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఎదురుగా మంచం మీద అమ్మాయి నాయనమ్మ. ఆవిడ నా మొహం చూడటం ఎప్పుడో మానేసింది. నేను లేచిన చోటూ కూర్చున్న చోటూ మాత్రమే చూస్తోంది. "కూకోండి బాబూ, ఏటలా లెగిసిపోతన్నారు?" అని రెండుసార్లు అడిగింది. "నిలబడ్డం అలవాటండి" అన్నాను. (ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) వస్తుంటే అమ్మాయి తండ్రి "కబురెడతాం" అన్నారు.

కబురు రాలేదు. వారాలు గడిచాయి. "మనం ఆళ్ళకి నచ్చలేదు కాబోలు, ఇంకో సంబంధం సూద్దారా" అంది అమ్మ. నాకు ఇంకో సంబంధం వద్దు. ఆ అమ్మాయే కావాలి. తిన్నగా వెళ్ళి అడిగే ధైర్యం లేదు, ఊరుకునే ఓపికా లేదు. అప్పుడు వచ్చింది ఆ దిక్కుమాలిన ఆలోచన. ఒక ఆదివారం పొద్దున్న గురువునీ నన్నూ వాళ్ళ ఊరి మీదుగా తీసుకుపోయే గ్రావెల్ రూటు ఒకటి గియ్యాలి. వాళ్ళ వీధిలో నేను వంగి దూసుకుపోతుంటే అమ్మాయి అరుగు మీంచి చూడాలి. నేను ఉలిక్కిపడి బ్రేకు వేసి, "అరె, ఇది మీ ఊరేనా!" అనాలి. ఆ మాట అద్దం ముందు చాలాసార్లు అన్నాను. మ్యాపులో పైనుంచి తీసిన ఫోటో చూస్తే, కాలవ గట్టు దిగాక పొలాల మధ్య నుంచి కొండ కిందకి ఎర్రమట్టి బాట తిన్నగా కనబడుతోంది. దాని మీదే గీత గీశాను. ఈసారి మెత్త నిక్కరు కూడా కొన్నాను. నల్లగా, నిగనిగలాడుతూ, ఒంటికి అతుక్కుపోయి, వెనక మాత్రం ఎత్తుగా ఉంటుంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. మంచులో కాలవ గట్టు, దూరంగా నీలం కొండలు, టైర్ల కింద రాళ్ళ చప్పుడు. గురువు కూడా మెచ్చుకున్నాడు. గట్టు దిగాక దారి చెరుకులోకి దూరింది, ఆ తర్వాత దారి లేదు. విషయమేమిటంటే, ఆ ఫోటో తీసినప్పుడు చెరుకు నరికేసి ఉంది. నరికిన పొలంలో బండి జాడే నాకు బాటలా కనబడింది. ఇప్పుడు చెరుకు మనిషికి రెండింతలు పెరిగి, అటూ ఇటూ వాలి, ఆ జాడని మింగేసింది. పట్నంవాడికి తెలియకపోతే తప్పు లేదు. పంచదార ఫ్యాక్టరీ కూతకి నిద్ర లేచి పెరిగిన చోడవరం గుంటడికి తెలియకపోవడమేమిటండీ! ఫోను మాత్రం మేం రూటు మీదే ఉన్నామంటోంది. ఆకులు మొహాన్నీ మోకాళ్ళనీ కోస్తున్నాయి. "ఇదేనేటి మీ ద్రాక్షతోట?" అంటూ గురువు వెనకనుంచి తిట్లు మొదలుపెట్టాడు. సైకిళ్ళు తోసుకుంటూ, ఎటు పోవాలో తెలియక, ఎక్కడినుంచో వస్తున్న బెల్లం వాసన పట్టుకుని నడిచాం.

"సెరుకులోంచి ఏదో వస్తందిరా! అడివిపంది! కర్రలట్టుకోండి!" అని అరుపులు వినబడ్డాయి. నేను రెండు చేతులూ పైకెత్తి బయటికి వచ్చాను. ఎదురుగా బెల్లం వండే పాక. పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది. గరిటె పట్టుకుని అమ్మాయి తండ్రి, కర్రలు పట్టుకుని పనివాళ్ళు, కాఫీ గ్లాసులతో ఆ అమ్మాయి, మంచం మీద నాయనమ్మ. మధ్యన నేను, గీతలు పడ్డ మొహంతో, ఆ నిక్కరులో. ఏం మాట్లాడాలో తోచక, నేర్చుకున్నదే అప్పజెప్పాను. "అరె, ఇది మీ ఊరేనా!"

నాయనమ్మ మెల్లిగా లేచి, నా చుట్టూ ప్రదక్షిణం చేసి, వెనక ఆగింది. "సూసేవురా! నాను సెప్పలేదా? పాపం, కట్టు కూడా కట్టేరు!" అంది కొడుకుతో. "అమ్మా, ఊరుకో" అన్నారాయన. "ఊరుకోడమేటి? మన ఆడగుంట బతుకేటవ్వాల! ఆ రోజు కుర్చీలో ఒక్క నిమిషం కుదురుగా కూకున్నాడా? బాబూ, మొలలా, సెగ్గడ్డా? దాపరికం లేకండా సెప్పు." అప్పుడు అర్థమైంది కబురు ఎందుకు రాలేదో. భూమి చీలుతుందేమోనని చూశాను, చీలలేదు. "జబ్బు కాదండీ, సైకిల్ సీటండీ" అన్నాను ఏడుపు గొంతుతో. గురువు సాయానికి వచ్చి, "అది కట్టు కాదు మామ్మగారూ, లోపల జెల్ ఉంటాది" అన్నాడు. "మందు కూడా రాసేరంట!" అని నాయనమ్మ పనివాళ్ళకి చెప్పింది. పెనం దగ్గరికి వచ్చిన వాళ్ళకి వేడి పాకం పెట్టకుండా పంపకూడదని అక్కడి ఆచారం. ఆవిడ ఆకులో పాకం పోసి, పీట తెచ్చి వేసింది. "నిలబడి తినకూడదు బాబూ. కూకో." అందరి కళ్ళూ పీట మీదే. నవ్వుతూ కూర్చుందామనే అనుకున్నాను. గట్టు మీద రాళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, కెవ్వుమన్నాను.

ఇక సంబంధం తప్పిపోయినట్టే అనుకుని తల దించుకున్నాను. అప్పుడా అమ్మాయి గ్లాసులు కింద పెట్టింది. చున్నీ నడుముకి బిగించి, నా సైకిల్ ఎక్కి, పాక ముందు రాళ్ళలో రెండు చుట్లు తిరిగింది. దిగి, మొహం చిట్లించి, నడుం పట్టుకుని, "నాయనమ్మా, జబ్బు ఆయనికి కాదు, సైకిలుకి" అంది. తండ్రి ఎక్కి చూసి "ఓర్నాయనో" అంటూ దిగిపోయారు. పనివాళ్ళు వరసలో నిలబడ్డారు. నాయనమ్మ బొటనవేలితో సీటు నొక్కి చూసింది. "ఇది సీటా, కత్తిపీటా? ఇలాటిదాన్ని కొనుక్కుని మరీ ఎందుకు కూకున్నావు బాబూ?" నేను నోరు తెరిచేలోగా గురువు అందుకున్నాడు. "ఎందుకేటండీ, రూటు ఈడే గీసేడు. ఎటు గీసినా మీ ఇంటి మీదకే గీస్తన్నాడు!" పాకలో అందరూ గొల్లుమన్నారు. అమ్మాయి మాత్రం చున్నీ అడ్డం పెట్టుకుని చెరుకు వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి.

ఆ సాయంత్రమే కబురు వచ్చింది. నాయనమ్మ మాటల్ని అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "గుంటడికి జబ్బు లేదు. బుద్ధే లేదు. అది పెళ్ళయ్యేక వస్తాదిలే అన్నాదిరా."

వచ్చిందో లేదో మా ఆవిడనడగాలి. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తవారింటికి వెళ్ళినప్పుడు, ఆ టేకు కుర్చీలో బూరుగుదూదితో కుట్టిన చిన్న దిండు ఉంది. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని తన చేత్తో కుట్టింది. "సిగ్గుపడకు బాబూ, కూకో" అంది. అందరి ముందూ సిగ్గుపడుతూనే కూర్చున్నాను. ఇప్పుడావిడ లేదు. సైకిల్ గోడకి వేలాడుతోంది, ఆ నిక్కరు నాకు మోకాళ్ళు దాటి పైకి రాదు. మొన్న వెళ్ళినప్పుడు కుర్చీలో దిండు కనబడలేదు. కూర్చోబుద్ధి కాక అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయాను. కుట్లు ఊడితే మళ్ళీ కుట్టి తెస్తోందట మా ఆవిడ. దిండు చంకన పెట్టుకుని లోపలినుంచి వస్తూ, "కూకోండి బాబూ, ఏటలా లెగిసిపోతన్నారు?" అంది. అచ్చం నాయనమ్మ గొంతే.