మగవాళ్ళ వైపు కరుణమ్మ

మా తమ్ముడు ఆమోసు భార్య కరుణమ్మ దివిసీమలో సండే స్కూలు టీచరు. తాచుపామును చీపురుతో అదిలించి, "పోవే, ప్రార్థన టైమయింది" అన్న మనిషి. పాము పోయింది కూడా, నేనే సాక్షిని. అలాంటి మనిషికి డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత ఒక్క భయం పట్టుకుంది. ఎత్తైన పైకప్పు. ఆ రోజు మా చర్చి గుడిలో తలదాచుకున్నవాళ్ళ మీద కప్పు కూలి, ఆమె చెల్లెలు లూసీ పోయింది.

ఎనభై మూడులో మేం ముగ్గురం అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో వాళ్ళబ్బాయి జోసఫ్ ఇంట్లో ఉన్నాం. పాత రాతి చర్చిలు చూపిస్తానని వాడు మమ్మల్ని డెట్రాయిట్ తీసుకెళ్ళాడు. మొదటిదాన్ని ఆమె కారులోంచే చూసింది. రెండోదాని గుమ్మంలో ఆగిపోయింది. లోపల కప్పు ఎంత ఎత్తంటే, కిందనుంచి ఎగిరిన పావురం అక్కడికి చేరేసరికి ముసలిదైపోతుంది.

"అమ్మా, రిలాక్స్. వందేళ్ళ బిల్డింగ్ ఇది."

"మా గుడీ వందేళ్ళదేరా."

అయినా దేవుడి గుమ్మంలోంచి వెనక్కి తిరగడానికి మనసొప్పక లోపలికి వచ్చింది. మన గుళ్ళలో లాగే ఆమె ఆడవాళ్ళ వైపనుకుని కుడికి, ఆమోసు ఎడమకి వెళ్ళిపోయారు. ఇక్కడ అలాంటి పద్ధతి లేదని జోసఫ్ చెప్పినా వినలేదు. కాన్వెంటు సిస్టర్లు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుని పెరిగినవాణ్ణి, నాకేం పట్టింపు? జోసఫ్‌తో కలిసి ఆమె వెనక బెంచీలో చేరాను.

అప్పుడు ఆర్గన్, గోడంత గొట్టాల వాద్యం, మొదలైంది. ముందు సన్నటి ఈల. తర్వాత నేల అడుగునుంచి హోరు. బెంచీ వణికింది. రంగు అద్దాలు గలగల్లాడాయి. ఉప్పెన గాలి సరిగ్గా ఇలాగే మొదలైందని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. కప్పునే చూస్తున్న ఆమె పెదాలు పాలిపోయాయి.

"జోసఫూ, నాన్నను లేపరా. కూలిపోద్ది."

"ఆర్గన్ అమ్మా అది! ప్రాక్టీస్ చేస్తున్నారు."

"అమ్మా కరుణా, బయటికి పోదాం పద," అన్నాను. తలుపు మా వెనకే ఉంది.

ఆమె లేచి తలుపు వైపు చూసింది. తర్వాత దూరంగా, కళ్ళు మూసుకుని మోకరించిన మొగుడి వైపు చూసింది. ప్రార్థనలో ఉంటే వాడికి చెవులుండవు. హోరు ఇంకా పెరిగింది.

ఆమె బెంచీల మధ్య నడవ దాటి పరుగెత్తింది. ఇంత కాపురంలో ఏ గుడిలోనూ దాటని నడవ అది. వాడి భుజం పట్టి కుదిపింది.

వాడు అదిరిపడ్డాడు. "ఇదేంటే, మగాళ్ళ వైపొచ్చావు? అన్నయ్య చూస్తన్నాడు!"

"చూడనీ. లెగు, కూలిపోతంది."

"ప్రార్థన అవనీ."

"అయితే జరుగు."

వాడు జరిగాడు. ఆమె పక్కనే మోకరించి, కొంగు లాగి ఇద్దరి తలల మీదా కప్పింది. హోరు ఆగేదాకా ఆ కొంగు వణుకుతూనే ఉంది.